బడికి రానివాళ్ళ గుడ్లు

రామకోటేశ్వరరావు మాస్టారికి ఆ కాగితం మంగళవారం మధ్యాహ్నం చేరింది. అందులో ఉన్నవి నాలుగే వాక్యాలు. ఆయన మాత్రం ఐదుసార్లు చదివాడు.

"గత ఏడాది జూన్‌లో మీ పాఠశాలలో పదిహేడు మంది పిల్లలు ఉన్నారు. ఇప్పుడు అరవై ఒక్కమంది ఉన్నట్టు చూపిస్తున్నారు. ఈ పెరుగుదలకు కారణం ఒక పేజీలో రాసి సిద్ధంగా ఉంచవలెను. శుక్రవారం తనిఖీకి వస్తున్నాము." కింద వెంకటసుబ్బారావు అనే అధికారి సంతకం.

ఈ వెంకటసుబ్బారావు గారు చెడ్డవాడేమీ కాదు. పోయిన ఏడు ఎక్కడో రెండు బళ్ళలో లేని పిల్లల పేర్లు పుస్తకాల్లోకి ఎక్కించి ఆయన్ని మోసం చేశారు. అప్పట్నించి పిల్లలు తగ్గినా అనుమానమే, పెరిగినా అనుమానమే. సరైన కారణం కనిపించకపోతే ఆ నలభై నాలుగు పేర్లనూ దొంగ పేర్లుగా లెక్కగట్టి బడిని మూసేసే జాబితాలోనే ఉంచుతాడు.

గవర్నర్‌పేటలో ఒక లాడ్జికీ, కాగితాల హోల్‌సేల్ గోడౌనుకీ మధ్య ఇరుక్కున్న బడి అది. రెండు గదులు, ఒక వరండా, ఒక రేకుల వంట షెడ్డు. పిల్లలు తక్కువని దాన్ని మెయిన్ రోడ్డు అవతలున్న పెద్ద బడిలో కలిపేయాలని ఏడాదిగా అనుకుంటున్నారు. బస్సులూ లారీలూ క్షణం ఆగని ఆ రోడ్డు దాటించడానికి తల్లులకు తీరిక లేదు. లాడ్జిలో గదులు తుడిచేవాళ్ళు కొందరు, గోడౌన్లలో మూటలు కట్టేవాళ్ళు కొందరు. బడి అవతలికి పోతే పిల్లలు ఇంట్లో కూర్చుంటారు, అంతే. ఈ సంగతి మాస్టారికి బాగా తెలుసు. పిల్లలు ఎందుకు పెరిగారన్నదే తెలియదు.

తెలియకపోవడం పెద్ద నేరం కాదు. కానీ ఆయన ఆ బడికి హెడ్మాస్టరు. పైగా ఏడాదిగా, రోజూ ఇంటికెళ్ళే కంకిపాడు బస్సులో పక్క సీటు వాళ్ళందరికీ బడిని తానే నిలబెట్టానని చెప్పుకుంటూ వస్తున్నాడు.

"గోడ మీద పటం వల్లేనమ్మా," అన్నాడు సింధూరి టీచరుతో. బడికి ఉన్న టీచర్లు వాళ్ళిద్దరే. ఈ బడికి బదిలీ మీద వచ్చిన కొత్తలో, నిరుడు ఎండాకాలం సెలవులన్నీ ఖర్చుపెట్టి మాస్టారు వరండా గోడ మీద కృష్ణా డెల్టా పటం వేశాడు. బ్యారేజీ, దాన్నించి చీలిన కాలువలు, కాలువల వెంట ఊళ్ళు. నీలం రంగు రెండు డబ్బాలు పట్టింది.

"అయ్యుండొచ్చు సార్," అంది సింధూరి. ఆ పిల్ల మర్యాదస్థురాలు. "నా ఇంగ్లీషు రైమ్స్ కూడా కొంచెం పనిచేశాయేమో సార్," అని కూడా అంది.

సరే, తల్లిదండ్రులనే అడిగితే పోతుంది కదా అని బుధవారం సాయంత్రం బడి అయ్యాక మాస్టారు బయల్దేరాడు. సందు మొదట్లో పద్మావతమ్మ ఇడ్లీ బండి ఉంది. ఆమె మనవడు కిరీటి మూడో తరగతి. అంతకుముందు దూరంగా ఏదో కాన్వెంటులో చదివేవాడు.

"మీ మనవణ్ణి మా బళ్ళో ఎందుకు చేర్చారమ్మా?"

పద్మావతమ్మ గరిటె ఆపి ఆయన్ని పరీక్షగా చూసింది. "అదేంటండీ అట్టా అడుగుతారు? ఇస్సాక్ కూతురు మీ బడికే వస్తోంది గదా. ఆ పిల్లతో పాటే వీణ్ణీ పంపించాను."

ఇస్సాక్ ఆటో నడుపుతాడు. ఆటో లాడ్జి ముందే ఆగి ఉంది. "మా ఆస్రాని ఎందుకు చేర్చానంటే ఏం చెప్పనండీ. తబస్సుం వాళ్ళ అఫ్రాజ్ వస్తున్నాడు గదా, వాడు బాగున్నాడు. అందుకని చేర్చేశాం."

మాస్టారు ఆశ చావక, "వరండా గోడ మీద పటం చూశారా?" అన్నాడు.

"ఎందుకు చూళ్ళేదండీ," అన్నాడు ఇస్సాక్. తల గోక్కుని, గొంతు తగ్గించి, "బందరు కాలువా, ఏలూరు కాలువా తారుమారైనట్టున్నాయండీ. ఏలూరుది ఇటు పోవాలి గదా. పిల్లల ముందు అనడం ఎందుకని ఊరుకున్నాం," అన్నాడు.

మాస్టారి మొహం మాడిపోయింది. ఏడాదిగా పిల్లలంతా ఏలూరుకు వెళ్ళాల్సిన నీళ్ళను బందరుకు పంపుతూ పాఠం అప్పజెప్పారు. ఊరంతా చూసింది. ఒక్కరూ నోరు మెదపలేదు.

అక్కడినించి తబస్సుం దగ్గరికి వెళ్ళాడు. ఆమె చీరల దుకాణం అరుగు మీద మిషను పెట్టుకుని మంగళగిరి చీరలకు ఫాల్స్ కుడుతూ ఉంది. అదే ప్రశ్న వేశాడు.

"పద్మావతమ్మ గారు చెప్పారండీ, మంచి బడి అని."

"మంచి అంటే? ఏం మంచి?"

తబస్సుం తలెత్తి నవ్వింది. "మీకు తెలీదా ఏంటి సార్?" అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

పద్మావతమ్మకు ఇస్సాక్, ఇస్సాక్‌కు తబస్సుం, తబస్సుంకు పద్మావతమ్మ. రేపల్లెలో బయల్దేరినవాడు తిరిగి రేపల్లెకే చేరినట్టయింది మాస్టారి పరిస్థితి. ముగ్గురూ అదే చూపు చూశారు, మాస్టారు కావాలని తెలియనట్టు నటిస్తున్నాడన్నట్టు. ఆ చూపే ఆయనకు మరీ అంతుపట్టలేదు. ఆ రాత్రి కంకిపాడు బస్సులో పక్క సీటాయన బడి గురించి అడిగితే, ఒంట్లో బాగాలేదని కళ్ళు మూసుకున్నాడు.

గురువారం పదిన్నరకు ఫోనులో హాజరు తీశాడు. యాభై ఆరు. అఫ్రాజ్‌తో కలిపి ఐదుగురు రాలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎప్పటిలాగే గుడ్ల పుస్తకం తెరిచాడు. రోజుకొక ఉడికిన గుడ్డు పిల్లలకు ఇస్తారు. బజారులో అమ్ముకోకుండా వాటి మీద రంగు ముద్ర ఉంటుంది. ఈ వారం గులాబీ రంగు.

"గుడ్లు ఎన్ని మిగిలాయి జైతూన్ బీ?" అన్నాడు అలవాటుగా.

"ఏమీ మిగల్లేదండీ, అందరివీ అయిపోయాయి," అంది షెడ్డులోంచి వంటమనిషి జైతూన్ బీ. అలవాటుగానే ఆయన అరవై ఒకటి అని రాశాడు. రాశాక ఆ అంకె వైపు చూస్తూ ఉండిపోయాడు.

పొద్దున యాభై ఆరు. మధ్యాహ్నం అరవై ఒకటి. హాజరు ఫోనులో ఉంటుంది, గుడ్లు పుస్తకంలో ఉంటాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన గోడ మీద డెల్టా పటమంతా గీసిన మనిషికి ఏడాదిలో ఒక్కసారీ రాలేదు. గబగబా పేజీలు తిప్పాడు. ఏ రోజు చూసినా అంతే. పిల్లలు ఎంతమంది రాకపోయినా గుడ్లు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. కింద తన సంతకం, ముత్యాల్లాంటి అక్షరాలతో.

రేపు వెంకటసుబ్బారావు గారు ఈ పుస్తకం తెరిస్తే చాలు. ఇక కారణం రాయాల్సిన పనే ఉండదు.

తలెత్తి చూసేసరికి జైతూన్ బీ కొంగు తలమీదికి లాక్కుని గేటు దాటుతోంది. చేతిలో స్టీలు డబ్బా. యాభై ఐదేళ్ళ మనిషి, ఏడాదిగా గట్టిగా ఒక్క మాట మాట్లాడని మనిషి. మాస్టారికి కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. పిల్లల్ని సింధూరికి అప్పగించి ఆమె వెనకాలే నడిచాడు.

ఆమె బజారు వైపు తిరగలేదు. లాడ్జి వెనక మెట్లెక్కింది. మొదటి అంతస్తు మలుపులో, ఉతికిన దుప్పట్ల మూటల మధ్య రెండో తరగతి పిల్ల ఒకతి చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. తల్లి పైన గదులు తుడుస్తోంది. జైతూన్ బీ చంటిదాన్ని తన భుజానికెత్తుకుని, డబ్బా తెరిచి గులాబీ ముద్ర గుడ్డు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"ఇవాళ నీ గుడ్డు బళ్ళో ఒంటరిగా కూర్చుందే. రేపు ఈ చంటిదాన్ని కూడా తీసుకొచ్చెయ్యి. నా దగ్గర పడుకుంటుంది, నువ్వు పాఠం వినొచ్చు."

మాస్టారు మెట్ల కింద గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వంట షెడ్డులో పాత చీర ఉయ్యాలల్లో అప్పుడప్పుడు ఇద్దరు ముగ్గురు పసివాళ్ళు ఊగుతూ కనిపించేవారు. వాళ్ళంతా జైతూన్ బీ మనవళ్ళూ మనవరాళ్ళూ అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆమె కుటుంబం అంత పెద్దదా అని ఒకసారి ఆశ్చర్యపోయాడు కూడా.

ఆమె ఒక్కో ఇల్లూ తిరిగింది, ఆయన వెనకే తిరిగాడు. చివరిది తబస్సుం గది. అఫ్రాజ్ జ్వరంతో చాప మీద పడుకుని ఉన్నాడు. గుడ్డు తినే ఓపిక వాడికి లేదు. చేతిలో పట్టుకుని ముద్ర చూసి నవ్వాడు. జైతూన్ బీ వాడి నుదురు తడిమి, నిన్న ఏం తిన్నాడో, మందు వేశారో లేదో అడుగుతోంది. అంతలో తబస్సుం గుమ్మంలో నిలబడ్డ మాస్టార్ని చూసింది.

"ఇవాళ మీరే వచ్చారా సార్? రోజూ ఆమెను పంపిస్తారు గదా," అంది కుర్చీ వేస్తూ.

"నేనా? నేను పంపిస్తానా?"

"మీరే గదండీ. కాన్వెంటులో మావాడు ఇరవై రోజులు పోకపోయినా ఏమైందని అడిగినవాళ్ళు లేరు. మీ బళ్ళో ఒక్క పూట రాకపోతే వాడి గుడ్డు ఇంటికొస్తుంది. అది మా వీధి వీధంతా చూసింది. నిన్న మీరు అడిగితే ఏం చెప్పమంటారు? గుడ్డు కోసం పంపామనుకుంటారని సిగ్గేసింది. గుడ్డు కాదండీ అసలు. వాడు రాలేదని ఒకళ్ళకు తెలిసింది, అదీ సంగతి."

తిరిగి వచ్చేటప్పుడు మాస్టారు, జైతూన్ బీ పక్కపక్కన నడిచారు. సందు మలుపు తిరిగాక, "నేనెప్పుడు చెప్పాను నీకు, ఇట్లా పంచిపెట్టమని?" అన్నాడు.

ఆమె ఆగిపోయింది. "మొదటి రోజే చెప్పారు గదండీ. కుర్చీలో కూడా కూర్చోలేదు మీరు, సంచీ భుజాన ఉంది. ఏ పిల్లాడి గుడ్డు ఆ పిల్లాడికే చేరాలి, ఒక్కటి దారి తప్పినా ఊరుకోను అన్నారు. నేను భయపడిపోయాను. బడికి రానివాళ్ళకు ఎట్టా చేరుతుంది, తీసుకెళ్ళి ఇవ్వాలి గానీ."

మాస్టారికి గుర్తొచ్చింది. అంతకుముందు ఎక్కడో గుడ్లు పక్కదారి పట్టాయని విని, వచ్చీ రాగానే తన సత్తా చూపించాలని అన్న మాటలవి. అందరు హెడ్మాస్టర్లూ అనేవే. వాటిని ఎవరైనా వింటారని ఆయన అనుకోలేదు.

"బడిలో వండింది గేటు దాటకూడదు జైతూన్ బీ. అది రూలు. తెలిస్తే నిన్ను పనిలోంచి తీసేస్తారు."

"అది మీరు చెప్పలేదు గదండీ," అంది ఆమె. ఆమె గొంతులో ఉన్నది భయం కాదు, అర్థం కాకపోవడం.

ఆ రాత్రి మాస్టారు కారణం రాయడానికి కూర్చున్నాడు. నిజం రాస్తే బడి నిలబడుతుందేమో గానీ జైతూన్ బీ పని పోతుంది. ఆమె పోతే ఎల్లుండినించి పిల్లలు రాకపోయినా ఎవరికీ తెలియదు, బడి మళ్ళీ పదిహేడుకు దిగుతుంది. పటం గురించి రాద్దామంటే అది తప్పు పటం. రైమ్స్ గురించి ఒక పేరా రాసి కొట్టేశాడు. తెల్లకాగితం మడిచి జేబులో పెట్టుకుని శుక్రవారం బడికి వెళ్ళాడు.

వెంకటసుబ్బారావు గారు పదకొండింటికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎవరినీ కసురుకోడు, అందువల్ల ఇంకా భయం వేస్తుంది. పిల్లల్ని వరసగా నిలబెట్టి పేరుపేరునా పిలిచాడు. యాభై ఏడుగురు పలికారు. నలుగురు లేరు. ఆ నాలుగు పేర్ల కింద గీత గీసి, హాజరు చూసి, గుడ్ల పుస్తకం అడిగాడు. మాస్టారికి ఏడాది పట్టిన పని ఆయనకు రెండు నిమిషాలు పట్టలేదు.

"రాని పిల్లలు కూడా గుడ్లు తింటున్నారే మాస్టారూ, మీ బళ్ళో," అన్నాడు మెల్లగా. "వంటావిడను పిలవండి."

జైతూన్ బీ వచ్చి నిలబడింది. చేతిలో స్టీలు డబ్బా. "అది సార్, మరేమో..." అని ఏదో చెప్పబోయింది.

"ఆమె తప్పేం లేదండీ," అన్నాడు మాస్టారు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నేనే చెప్పాను. మొదటి రోజు, ఇక్కడే నిలబడి చెప్పాను."

"ఏమని చెప్పారు?"

"ఏ పిల్లాడి గుడ్డు ఆ పిల్లాడికే చేరాలని."

"రాసిస్తారా?"

"రాసిస్తానండీ." జేబులోంచి తెల్లకాగితం తీసి అక్కడే రాశాడు. రాస్తున్నంతసేపూ ఇది నిజమా, అబద్ధమా అని ఆలోచిస్తూనే ఉన్నాడు. చెప్పిన మాట నిజమే. ఆ మాటకు అర్థం మాత్రం ఆయనది కాదు. సంతకం పెట్టి, "మీకు తీరికుంటే ఒక్క గంట మాతో నడవండి. ఆ నలుగురూ ఉన్నారో లేరో చూద్దురు గాని," అన్నాడు.

ముగ్గురూ నడిచారు. ముందు డబ్బాతో జైతూన్ బీ, వెనక పుస్తకంతో అధికారి, ఆ వెనక చెమటలు కక్కుతూ మాస్టారు. నాలుగు ఇళ్ళల్లోనూ నలుగురు పిల్లలూ ఉన్నారు. అధికారి ప్రతి గుమ్మంలో పేరు అడిగి టిక్కు పెట్టాడు. మూడో ఇంట్లో పిల్లవాడు ఆయన్ని చూసి, "ఈయన కూడా గుడ్డు తెచ్చాడా?" అని తల్లిని అడిగాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

వెనక్కి వస్తూ, "అరవై ఒక్కమందీ ఉన్నారు. అది రాస్తాను," అన్నాడు. కొంత దూరం నడిచాక, "గుడ్లు గేటు దాటాయి. అది కూడా రాయాలి. రెండూ ఒకే కాగితంలో ఎట్లా రాయాలో నాకు తెలియడం లేదు మాస్టారూ," అన్నాడు.

ఆయన రెండు కాగితాలు రాశాడు. రెండూ తర్వాతి బుధవారం ఒకే కవరులో వచ్చాయి. మొదటిది, విద్యార్థుల సంఖ్య నిజమైనదే కనుక పాఠశాలను విలీనం చేసే ప్రతిపాదన తొలగించడమైనది అని. రెండోది, నిబంధనలకు విరుద్ధంగా గుడ్లు బయటికి పంపినందుకు ప్రధానోపాధ్యాయుడు వారం లోపల సంజాయిషీ ఇవ్వాలి, ఇక ముందు ఒక్క గుడ్డు కూడా ఆవరణ దాటదని హామీ రాయాలి అని.

సింధూరి మొదటి కాగితం చదివి పిల్లలతో చప్పట్లు కొట్టించింది. మాస్టారు కూడా కొట్టాడు. కొడుతూనే రెండో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. హామీ రాయకపోతే ఉద్యోగానికి ముప్పు. రాస్తే, మొదటి కాగితం దేనివల్ల వచ్చిందో దాన్ని తన చేత్తోనే ఆపినవాడవుతాడు. అదే రోజు జైతూన్ బీకి ఇక గుడ్లు తీసుకెళ్ళొద్దని చెప్పాడు. ఆమె "అట్టాగేనండీ" అంది, ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు.

గురువారం మాస్టారు బడికి వెళ్ళలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో చెప్పకుండా మానేయడం అదే మొదటిసారి. జ్వరం లేదు, తలనొప్పీ లేదు. కంకిపాడులో ఇంటి వరండాలో, సంజాయిషీ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "గౌరవనీయులైన అధికారి గారికి" అన్న దగ్గర కలం ఆగిపోయింది. ఫోను రెండుసార్లు మోగింది, ఎత్తలేదు. ఇవాళ ఎంతమంది రాలేదో, వాళ్ళ గురించి అడిగేవాళ్ళు లేక రేపు ఎంతమంది రారో అని ఆలోచిస్తే చెయ్యి కదల్లేదు.

మూడు గంటలప్పుడు ఇంటి ముందు ఆటో ఆగింది. డ్రైవరు సీట్లో ఇస్సాక్. వెనకనించి జైతూన్ బీ దిగింది. చేతిలో అదే స్టీలు డబ్బా.

మాస్టారు లేచి నిలబడ్డాడు. "జైతూన్ బీ, నేను చెప్పాను కదా, గుడ్లు..."

"బడిది కాదండీ. చూడండి, ముద్ర లేదు." ఆమె డబ్బా మూత తీసి చూపించింది. తెల్లటి గుడ్డు, ఏ రంగూ లేదు. "పద్మావతమ్మ గారు ఇడ్లీ కుండలో ఉడికించి ఇచ్చారు. ఇకనించి రోజూ రానివాళ్ళకు తనే ఇస్తానన్నారు. ఆమె చెయ్యలేని రోజు తబస్సుం చూసుకుంటుందంట. బడి గుడ్డు గేటు దాటకూడదన్నారు గానీ, నేను దాటకూడదని అనలేదు గదండీ?"

"అనలేదు," అన్నాడు మాస్టారు.

"మరి ఇవాళ ఎందుకు రాలేదండీ?"

ముప్పై ఏళ్ళలో ఆయనకు ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. మెమోల్లో సంజాయిషీలు అడిగినవాళ్ళున్నారు గానీ ఇంటికొచ్చి అడిగినవాళ్ళు లేరు. కుర్చీలో కూర్చుని గుడ్డు చేతిలోకి తీసుకున్నాడు. అది ఇంకా కొంచెం వెచ్చగానే ఉంది.

"ఎంతమంది రాలేదు ఇవాళ?" అన్నాడు పెంకు తీస్తూ.

"ఇద్దరేనండీ," అంది జైతూన్ బీ. "కిరీటీ, మీరూ."